కారు లేని ఇంట్లో కారు రికార్డు ప్లేయరు

కిందటి నెల మా ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో కూరగాయల సంచీ పట్టుకుని ఇంటికి వస్తూ ఉంటే, పాత సామాన్లమ్మే కొట్టు ముందు చదువుకునే పిల్లలిద్దరు ఒక ఇనపపెట్టెను చేతుల్లో అటూ ఇటూ తిప్పుతూ అదేమిటన్న దాని మీద హిందీలో వాదించుకుంటున్నారు. జానెడు పైన పొడవు, ముందువైపు అడ్డంగా సన్నటి సందు, దాని పక్కన ఒక మీట, అంచుల వెంబడి తుప్పు. ఒకడు అది రొట్టెముక్కలు కాల్చేదన్నాడు, రెండోవాడు పాత రేడియో అన్నాడు, కొట్టువాడికి రెండూ సమ్మతంగానే ఉన్నాయి. నేను ఆగి, అది కారులో బిగించుకునే రికార్డు ప్లేయరనీ, చిన్న రికార్డును ఆ సందులోకి తోస్తే లోపలికి తీసుకుని పాడుతుందనీ చెప్పాను. కారు కుదుపులకు ముల్లు ఎగిరిపోదా అని అడిగారు. ఎగురుతుంది, కానీ లోపలంతా స్ప్రింగుల మీద ఉంటుంది కాబట్టి మంచి రోడ్డయితే బాగానే పాడుతుందన్నాను. మర్యాదగా నవ్వి, ఫోనుతో దాన్ని ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. పిల్లలను తప్పుపట్టడానికేమీ లేదు. ఆ పెట్టె ముందు నా పక్కన నిలబడి, అవును, నేనూ చూశాను అనడానికి నా ఈడు మనిషి ఒక్కరు లేకపోయారే అనిపించింది. ఇంటికొచ్చి కూరలు సర్దుకున్నాక కూడా ఆ వెలితి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీలో కొందరికైనా అలాంటి పెట్టె గుర్తుండే ఉంటుంది.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. నన్ను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు కాబట్టి పెళ్లికి ముందూ బావే, తరవాతా బావే. వాళ్ల నాన్న కాలం నుంచీ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనే ఉద్యోగం, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు, చుట్టూ మన భాష మాట్లాడే ఇళ్లే. వర్క్‌షాపు లోపల ఒక్కొక్క పనికి ఒక్కొక్క షాపని పిలిచేవారు, బావది రేకులు సాగగొట్టే షాపు. పొద్దున్న సైరన్ మోగుతుండగా సైకిలెక్కి వెళ్లేవాడు, సాయంత్రం గోళ్ల సందుల్లో నల్లటి మసితో తిరిగి వచ్చేవాడు. మాకు పిల్లలు కలగలేదు. మొదట్లో రైల్వే ఆసుపత్రికీ, మొక్కులకీ తిరిగాం, ఆ తరవాత ఒకరికొకరం చెప్పుకోకుండానే ఇద్దరమూ ఆ మాట ఎత్తడం మానేశాం.

ఆ రోజుల్లో బంగళాల వైపు ఆంగ్లో ఇండియన్ రైలు గార్డు ఒకాయన ఉండేవాడు. భార్య పోయాక ఊరు విడిచి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ, సామాన్లు సర్దే పెట్టెలకు రేకుపట్టీలు వేయడానికి బావను పిలిపించుకున్నాడు. ఆయన కారును అప్పటికే ఎవరో కొనుక్కున్నారు గానీ, ఆ కొన్నవాడికి పాటల మీద సరదా లేక రికార్డు ప్లేయరును విప్పించి తిరిగి ఇచ్చేశాడట. దాన్నీ, దానికి జోడీగా ఉండే కారు రేడియోనూ, గుప్పెడు చిన్న రికార్డులనూ ఆ ముసలాయన బావ చేతిలో పెట్టి, నీకు కారు వచ్చినప్పుడు బిగించుకో అన్నాడట. పెళ్లికూతురి పెట్టెలా సైకిలు క్యారియరు మీద తాడుతో కట్టుకుని బావ దాన్ని ఇంటికి తెచ్చిన సాయంత్రం మా వరసలోని ఇళ్లవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఇంటికి రిక్షా కూడా లేదు, ఏటి చేస్తావురా దీన్ని అని ఎవరో పెద్దాయన అడిగితే, బావ తాడు విప్పుతూనే చెప్పాడు.

"ముందు పాటలొచ్చీసినాయి బాబాయ్. కారు ఎనకాల నడిసొస్తంది."

కారు రాలేదు కానీ, కారు బ్యాటరీ వచ్చింది. స్టేషను ముందు టాక్సీ నడిపే బెంగాలీ దాదా ఒకతను ఇందా అనే పేటలో ఉండేవాడు. అతని అంబాసిడర్‌కు సొట్టలు తీసిపెట్టేది బావే కాబట్టి, తన బండిలో పనికిరాని పాత బ్యాటరీని అతనే తెచ్చి మా వసారాలో దింపాడు. బావ ఒక చెక్కపెట్టెలో ప్లేయరునీ రేడియోనూ ఒకదాని మీద ఒకటి అమర్చి, స్పీకరును మేకుకు తగిలించి, మొదటి రికార్డును సందులోకి తోశాడు. లోపల టక్కుమని ఏదో పట్టుకున్న చప్పుడు, కాసేపు గరగర, ఆ తరవాత పాట. గార్డుగారి రికార్డులన్నీ ఇంగ్లీషువే. మరుసటి నెలనుంచి బావ గోల్ బజారులో తెలుగు పాటలవి ఒక్కొక్కటిగా వెతికి తెచ్చేవాడు. ఆదివారం పొద్దున్న మా మెట్ల మీద, నేను అప్ప అని పిలిచే పక్క క్వార్టరు ఆవిడ వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చునేది, ఎదురింటి బెంగాలీ దీదీ ఒక్క మాటా అర్థం కాకపోయినా పాట అయిపోయేదాకా గేటు దగ్గరే నిలబడేది. అంత సందడి మా ఇంట్లో అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు.

అయితే అప్పట్లో నా మనసులో ఉన్న దిగులు వేరు. నేను పుట్టింది పదిమంది ఒకేసారి మాట్లాడుకునే ఇంట్లో. ఇక్కడ వంటింట్లోంచి నేనేదో చెబితే బావ దగ్గర్నుంచి బదులు ఉండేది కాదు. ఒకసారి చెప్పి, రెండోసారి చెప్పి, మూడోసారి చెప్పబోయి ఊరుకునేదాన్ని. పిల్లలు లేని ఇంటి మీద విసుగొచ్చిందేమో, ఆ విసుగు నా మీదికి మళ్లిందేమో అనుకున్నాను. కొన్నాళ్లు పట్టుబట్టి నేనూ మాట్లాడడం మానేశాను. మానేసిన సంగతి బావ గమనించనే లేదు, నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. అప్పతో చెప్పుకుంటే, షాపులో రోజంతా సుత్తి మోత పడి వచ్చినోళ్లకి ఇంట్లో మాటలెందుకు నచ్చుతాయమ్మా అంది. ఆ మాటలో సగం నిజముందని నాకు తరవాత తెలిసింది. మరోపక్క స్పీకరు చప్పుడు మాత్రం నెలనెలా పెరుగుతూ వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న అప్ప భర్త రెండుసార్లు వచ్చి తగ్గించమని అడిగితే, బ్యాటరీ నీరసించింది, ఎక్కువ పెడితే గానీ పలకడం లేదని బావ సర్దిచెప్పాడు.

ఒక ఆదివారం బావ వసారాలో ఆ పెట్టె పక్కనే కూర్చుని సైకిలు గొలుసుకు నూనె రాస్తున్నాడు. నేను లోపల పప్పు ఎనుపుతున్నాను. పాట మధ్యలో ముల్లు ఒక గాడిలో ఇరుక్కుని, పాడే ఆవిడ ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు లేచి మీట నొక్కుతాడు, ఇప్పుడు నొక్కుతాడు అని చూసి, ఎంతకీ ఆగకపోతే బయటికి వచ్చాను. ఆ ఒక్క మాట అలా కొట్టుకుంటూనే ఉంది. బావ గొలుసును వేళ్లతో తిప్పుతూ, పాట చక్కగా సాగిపోతున్నట్టు, తనకిష్టమైన చోటు రాబోతున్నట్టు, తల మెల్లగా ఊపుతూ తనలో తను నవ్వుకుంటున్నాడు. వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. ఇంకా దగ్గరికి వెళ్లి పిలిచాను. అప్పుడూ తిరగలేదు. నేను వంగి మీట నొక్కితే రికార్డు బయటికి వచ్చింది, దాన్ని చూసి తలెత్తాడు.

"అయిపోయిందేటే?"

"అయిపోయింది బావా," అన్నాను.

నా పెదవుల వంక చూస్తున్నాడని అప్పుడు తెలిసింది. ఎన్నాళ్లుగానో చూస్తున్నాడని కూడా తెలిసింది. పెదవుల నుంచి కళ్లకు వచ్చేసరికి నా మొహంలో ఏం కనబడిందో, చేతిలోని నూనెగుడ్డను కింద పెట్టేశాడు.

"రేకుల షాపులో సగం మంది సెవులింతే," అన్నాడు. "ఎవలికీ సెప్పకు. డాక్టరు సూసినాడంటే నన్ను మరి సుత్తి ముట్టుకోనివ్వరు."

చెప్పలేదు. అప్పకు కూడా చెప్పలేదు. నా మీద విసుగు లేదని తెలిసి ఒక వైపు గుండె తేలికపడింది గానీ, ఆ వెంటనే ఇంకో బరువు వచ్చి కూర్చుంది. ఎవరైనా ఇంటికొస్తే నేను పక్కనే ఉండి, వాళ్లడిగింది తిరిగి బావ వైపు మళ్లి అనేదాన్ని. నలుగురిలో ఉన్నా నాలుక మీద కాపలా. బావ మళ్లీ ఆ పెట్టె జోలికి పోలేదు. ఒక పాత తువ్వాలు కప్పి గోడవారకు నెట్టేశాడు. నేనైనా పెట్టుకోవచ్చు, కానీ బావ ఎదుట పాట వినడం ఆకలిగా ఉన్న మనిషి ముందు కూర్చుని భోంచేసినట్టుండేది. ఆదివారాలు పాట లేక అప్ప మెట్ల మీదికి రావడం తగ్గింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, వర్క్‌షాపు సైరన్ నాకు చుట్టం వచ్చి పలకరించినట్టు వినిపించేది.

ఇలా కొంతకాలం గడిచాక టాక్సీ దాదా ఏదో పనిమీద వచ్చి, తువ్వాలు కింద దుమ్ముపట్టిన పెట్టెను చూశాడు. నా వైపు తిరిగి, "గాడీర్ జినిష్ గాడీతేయి థాక్, బౌదీ," అన్నాడు. కారు వస్తువు కారులోనే ఉండనీ వదినా అని. బావను ఒప్పించడానికి అతనికి పెద్దగా మాటలు కూడా పట్టలేదు. రెండు సాయంత్రాలు బావ అంబాసిడర్ ముందు సీటు దగ్గర వెల్లకిలా పడుకుని, రేకుపట్టీలు తనే వంచి, డ్యాష్‌బోర్డు కింద ఆ పెట్టెను బిగించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ బావ మొహంలో చాలాకాలానికి పాత కళ కనిపించింది.

విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపుకు సెలవు. ఊళ్లోని బళ్లన్నిటికీ బంతిపూల దండలు పడే రోజు. దాదా పూజ కానిచ్చి, బొట్లూ దండలూ ఉన్న బండిని మా గుమ్మం ముందుకు తెచ్చి, దీని తొలి పాట మీరిద్దరూ కూర్చుంటే గానీ మొదలుపెట్టనన్నాడు. బావ ముందు కూర్చున్నాడు, నేను వెనక. మేదినీపూర్ రోడ్డు పట్టి కాసాయి నది వంతెన వైపు వెళ్లాం. వానలు వెనకపట్టి, రోడ్డుకు రెండు వైపులా వరి పచ్చగా ఉంది. దాదా మా తెలుగు రికార్డే ఒకటి తీసి సందులోకి తోశాడు. గుంత వచ్చినప్పుడల్లా ముల్లు ఎగిరి పాట రెండు మాటలు మింగేది, దాదా నవ్వేవాడు, నేను నవ్వలేకపోయేదాన్ని, నా కళ్లు బావ వీపు మీదే ఉండేవి. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒక కుదుపుకు ఆసరాగా చెయ్యి చాచి డ్యాష్‌బోర్డు రేకు మీద పెట్టాడు. తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఈసారి వేళ్లు విప్పి, అరచెయ్యి మొత్తం ఆనించి, అలాగే ఉంచాడు.

"ఇది ఆ పడవ పాట గదేటే," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

అది పడవ పాటే. అవునన్నా వినపడదు కాబట్టి నేను ముందుకు వంగి బావ భుజం గట్టిగా నొక్కాను. దాదా ఒక్కసారి బావ చేతివైపు చూశాడు, అద్దంలోంచి నా మొహంవైపు చూశాడు. చెయ్యి చాచి రేడియో మరను చివరికంటా తిప్పాడు, అంతే. కిటికీ అద్దాలు అదిరిపోతూ, పొలాల్లో మనుషులు తలలెత్తి చూస్తూ ఉండగా మేం వంతెన దాటాం. ఆ తరవాతి పాటల్లో బావ కొన్ని సరిగ్గా పోల్చాడు, కొన్ని తప్పు పోల్చాడు, తప్పు పోల్చినప్పుడు కూడా నేను భుజం నొక్కాను. నది ఒడ్డున టీ తాగుతున్నప్పుడు దాదా బావకు ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిపి మాట్లాడడం చూశాను. ఆ సంగతి అతను ఎక్కడా, ఎవరి దగ్గరా ఎత్తలేదు. తీరిక దొరికిన ఆదివారం వచ్చి హారన్ కొట్టేవాడు, మేం వెళ్లేవాళ్లం.

బావ భయపడ్డ రోజు రానే వచ్చింది. వైద్య పరీక్షలో తేలిపోయి, సుత్తి పని తీసేసి, సామాన్ల గోదాములో తేలిక పనిలో వేశారు. కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు. తన సుత్తిని ఇంకెవరో పట్టుకుంటున్నారన్న మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ తరవాత దానికీ అలవాటుపడ్డాడు. ఆసుపత్రివాళ్లిచ్చిన చెవి మిషను ఒట్టి హోరేనని డబ్బాలో పడేశాడు. ఇటు క్యాసెట్లు వచ్చాయి, ప్లేయరు లోపల ఏదో అరిగిపోతే ఆ భాగం ఎక్కడా దొరకలేదు, దాదాకు చూపు తగ్గి టాక్సీ అమ్ముకున్నాడు, దాంతోపాటే ఆ పెట్టె కూడా వెళ్లిపోయింది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఖరిదాలో అద్దెకు చేరాం. దాదా ముందు పోయాడు, కొన్నేళ్లకు బావ పోయాడు. ట్రాఫిక్‌లో మా వరస ఇళ్లకు ఇప్పుడు తలుపులు కూడా లేవు, అప్ప వాళ్లు ఎప్పుడో దేశానికి, తెలుగునాట సొంతూరికి, వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆటో ఎక్కితే ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క పాట. పక్కన మోకాలు తగిలేలా కూర్చున్న పిల్ల ఏం వింటూ కళ్లు తుడుచుకుంటోందో మనకు తెలియదు, అడిగే వీలూ లేదు. మా రోజుల్లో ఏ ఇంట్లో పాట పెట్టినా వీధి మొత్తానికి అందేది, నచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చునేవారు, నిద్ర చెడినవాళ్లు తిట్టుకునేవారు.

బావతో అన్నేళ్లు ఎదురుగా నిలబడి గొంతెత్తి మాట్లాడీ మాట్లాడీ, నాకా గొంతు అలాగే ఉండిపోయింది. దిగే చోటు చెబితే ఆటోవాడు ఉలిక్కిపడతాడు. మా పై వాటాలో ఉండే బెంగాలీ అమ్మాయి, నన్ను పిన్ని వరస చేసి, నెమ్మదిగా మాసిమా, నేనిక్కడే ఉన్నానుగా అంటూ నవ్వుతుంది. తగ్గించుకోవాలనే చూస్తాను. ఒక్కోరోజు వంట ముగించి కంచం తీసేసరికి మాత్రం, "బావా, అన్నం పెట్టీసినాను," అని పైకి అనేస్తాను. మేడ మీద ఆ అమ్మాయి అడుగుల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలవుతుంది.