సన్నాయి మధ్యలో రైలు కూత

పోయిన నెల నేనూ మా బావా భోగాపురం దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాం. తాళి కట్టే వేళకి స్పీకర్లలోంచి సన్నాయి అందుకుంది, గట్టిమేళం మంచి జోరు మీద ఉండగా అందులోంచి ఒక రైలు కూత వినబడింది. దరిదాపుల్లో పట్టాలే లేని చోట రైలేమిటా అని జనం తలలు తిప్పి చూశారు గానీ, మేమిద్దరం చూడలేదు. ఆ రైలు చీపురుపల్లిది, ఆ సన్నాయి మా బావది.

బావంటే మా పెద్దక్క భర్త. తాతల నాటి నుంచి గుడిలో సన్నాయి సేవ చేస్తున్న ఇల్లు వాళ్ళది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయనా, డోలు వాయించే ఆయన తమ్ముడూ ఇంటిపట్టున ఉండేవారే కాదు. అలాంటిది పట్నం బ్యాండు పార్టీల జోరు పెరిగి, ఆయనకి పిలుపులు తగ్గడం మొదలైంది. పదేళ్ళ పైమాటే, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. నేను చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడుపుతూ, చిన్నచిన్న వ్యాపారాల వాళ్ళకి ఇంటర్నెట్‌లో పేజీలు చేసిపెట్టేవాణ్ణి. ఫోటోలు తియ్యడం, ఫోన్ నంబరు పైనే కనబడేలా పెట్టడం, కొట్టు ఎక్కడుందో మ్యాపులో గుర్తు పెట్టడం, ఇంతే నా విద్య. ఎండుచేపలమ్మే ఒక పెద్దమ్మ తన పేజీ అంతా తీరిగ్గా చూసి, "అన్నీ బాగున్నాయి గానీ బాబూ, వాసనకేటి సేస్తావు?" అని నా గర్వమంతా దించేసింది.

బావ మేళానికీ ఒక పేజీ పెడదామన్నాను. అర నిమిషం వినిపిస్తే చాలు, మిగతాది వినాలనుకున్నవాళ్ళు వాళ్ళే పిలుస్తారని నా ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు. "ఒరే, ఎత్తుకున్న మేళం మంగళం అవ్వకుండా దించకూడదురా, పెళ్ళోరికి మంచిది కాదు. పెడితే మొత్తం పెట్టు, నేపోతే మానీ" అన్నాడు. స్టేషన్ వెనక వాళ్ళింటి అరుగు మీద రికార్డు చేస్తుంటే మధ్యలో రైలు కూసింది, దానికీ ఆపలేదు. నాకు ఆ పట్టుదల ముచ్చటేసి, ముహూర్తం నుంచి మంగళం దాకా ఉన్నదున్నట్టు ఎక్కించాను.

మొదటి ఏడు కొత్తవలస నుంచి కూడా ఫోన్లు వచ్చాయి, మా అక్క సంబరపడిపోయి ఆయనకి కొత్త పంచెలు కొంది. మరుసటి ఏటికి ఫోన్లు పలచబడ్డాయి. ఒకాయన మాత్రం ఎంతో మర్యాదగా ఫోన్ చేసి, మీ సన్నాయి డౌన్‌లోడ్ చేసుకుని మా అమ్మాయి పెళ్ళిలో వేసుకున్నామండీ, చాలా బాగుంది, గృహప్రవేశానికి కూడా ఒకటి ఉందా అని అడిగాడు. జనం మేళాన్ని పిలవకుండా మేళాన్ని వాడుకుంటున్నారని మాకు అప్పుడు గానీ తెలియలేదు. శుభకార్యం చేసుకుంటున్నవాణ్ణి కసరకూడదని, బావ "నేదు బాబూ" అని మెల్లిగా ఫోన్ పెట్టేశాడు. తరవాత కొన్నేళ్ళకి ఆయన తమ్ముడు డోలు అటకెక్కించి, భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల దగ్గర కాపలాకి కుదిరాడు.

పోయిన నెల ఆ భోగాపురం పెళ్ళిలో తాళి కట్టడం అయ్యీ అవగానే, ఎవరో మీట నొక్కి సన్నాయి ఆపేసి డాన్సు పాట వేశారు. రైలుకి కూడా ఆగని మేళం అక్కడ ఆగిపోయింది. పక్కకి చూస్తే, మోకాలి మీద బావ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఆ హోరులోనే ఆయన మంగళం దాకా వాయించుకుని చెయ్యి దించాక గానీ, భోజనానికి లెమ్మని నేను అనలేదు.

తిరుగు బస్సులో, ఇంక ఆ పేజీ తీసేద్దామా బావా అని అడిగాను. "ఉండనీరా, ఎవులో ఒకలు ఆకరి దాకా ఇంటారేమో" అన్నాడు. ఒకప్పుడు ఆయన సన్నాయి దించేదాకా పెళ్ళివారు పీటల మీంచి లేచేవారు కాదు. ఇప్పుడు ఆయన ఊపిరి ఊరూరా పెళ్ళిళ్ళకి వెళుతోంది, ఆయన మాత్రం మనందరిలాగే శుభలేఖ వస్తేనే వెళుతున్నాడు.