మూడోసారి పిలిచాక

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్ చదువు ముగించి, జిల్లాలో నాకంటే తెలివైనవాళ్లు లేరని నమ్మిన రోజుల్లో, ప్రోగ్రాములన్నీ సి భాషలోనే రాసేదాన్ని. అందులో వాడుకున్న మెమరీని మనమే గుర్తుపెట్టుకుని ఖాళీ చేయాలి. "గా పని దానంతట అదే చేసుకునే భాషలున్నయి గదా" అని మా బావ అంటే, "గవి బద్ధకమున్నోల్లకు" అన్నాను (తిన్న కంచం ఏనాడూ కడగని నేను).

కోరుట్లలో ఒక చిన్న దవాఖానకు టోకెన్ల ప్రోగ్రాం నా మొదటి పని. అది స్పీకర్లో పేరూ ఊరూ పిలుస్తుంది, పిలవగానే మెమరీలో ఆ పేరున్న చోటును ఖాళీ చేస్తుంది. మొదటి రోజు ఎంతమందిని పిలిచినా ఒక్కరూ లేవలేదు. కాంపౌండర్ నవ్వాడు. "ఒక్కపారి పిలిస్తే ఎవలు పలుకుతరు చెల్లె? దయ్యాలే గట్ల పిలుస్తయి. మూడుసార్లు పిలిపియ్యి." నేనూ నవ్వుకుంటూ ఇంకో రెండు పిలుపులు చేర్చాను. మొదటి పిలుపుకే చోటు ఖాళీ అవుతుందన్న సంగతి మరిచాను. ఖాళీ అయిన చోట, ప్రోగ్రాంలోకి ఎక్కించిన పాత రిజిస్టర్లోని పేరేదైనా వచ్చి కూర్చోవచ్చు.

మర్నాడు పొద్దున హాలు నిండా జనం. "సత్తయ్య, పెగడపల్లి" అంది స్పీకర్. ఎవరూ కదల్లేదు. అదే గొంతు మళ్లీ, "రాజవ్వ, రాయికల్" అంది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంపౌండర్ నా చెవిలో, "ఆమె సచ్చిపోయి పదిహేను రోజులైంది" అన్నాడు. ఆమె ముసలి భర్త బీపీ గోలీల కోసం వచ్చి ముందు బెంచీ మీదే ఉన్నాడు. "రాజవ్వ, రాయికల్." మూడో పిలుపు. తాత మెల్లగా లేచి, "అచ్చిన" అంటూ డాక్టరు గదికేసి నడిచాడు. వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆ గొంతు నేను పెట్టిందేనని తెలిసి కూడా నేనూ తలుపు దాకా వెళ్లాను.

"రేపటికి బాగుగాకుంటే నీ కంప్యూటర్ నువ్వు తీస్కపోవాల్నన్నడు డాక్టర్ సారు" అని కాంపౌండర్ చెప్పాడు. రోషం చంపుకుని, బావ చెప్పిన భాషలోనే మొత్తం తిరగరాశాను. అందులో ఒక పేరుతో ఎవరికైనా పని ఉన్నంతసేపు దాని చోటు దానికే ఉంటుంది. ఎవరూ పట్టుకుని లేరని తేలాకే అది ఖాళీ అవుతుంది, మనం మరిచినా సరే. ఇక ఎవరి పిలుపులు వాళ్లకే వెళ్లాయి, నా పని నిలబడింది.

వారం తర్వాత తాత మళ్లీ వచ్చాడు. గోలీలు తీసుకున్నాక కూడా మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. "ఇంటికి పోవా తాతా" అని అడిగాను.

"మా ముసల్దాన్ని పిలుస్తలేదేంది బిడ్డా?"

"బాగుచేసిన తాతా."

"మంచిగనే ఉండె గదా" అని కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మెమరీ సంగతి యంత్రానికే వదిలేసి హాయిగా ఉన్నాను. ఆనాడు కాంపౌండర్ మాటకు నవ్విన ఆ తెలివైన పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆఫీసు మీటింగుల్లో నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం, మూడోసారికి గాని పలకను.