భట్టీలో ఆలుగడ్డలు

ఆ రోజుల్లో మా వైపు దయ్యాలకు చోటు కరువుండేది కాదు. కరెంటు ఇంకా అన్ని ఇళ్లకూ రాలేదు, పాడుబడ్డ గోడలు కావలసినన్ని ఉండేవి, నాలాంటి పిరికివాళ్లకూ లోటు లేదు. వికారాబాద్‌లో చదువు ముగించి తాండూరు బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో నేను మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. దయ్యాలు లేవని పిల్లలకు గట్టిగా చెప్పేదాన్ని. (సాయంత్రం ఇంటికొచ్చి మాత్రం పెరటివైపు చూడకుండా కాళ్లు కడుక్కునేదాన్ని.) ఆ ఇంట్లో పూర్వం ఉండి, అక్కడే జ్వరంతో పోయిన ఒక రొట్టెలాయన రొట్టెలు కాల్చి అమ్మడానికి కట్టుకున్న ఇటుకల భట్టీ ఆ పెరట్లో నల్లటి నోరు తెరుచుకుని ఉండేది. ముసురు పట్టినప్పుడల్లా అందులోంచి ఎవరో నిట్టూర్చినట్టు వినిపించేది. “గాలి బిడ్డా, పొగగొట్టంల గాలి,” అనేది పెద్దమ్మ. అంటూనే దానికి వీపు పెట్టకుండా జరిగి కూర్చునేది.

ఆ వానాకాలం పెద్దమ్మకు కామెర్లు వచ్చాయి. జబ్బు తగ్గింది గాని తిండి సహించలేదు. వేయించిన ఆలుగడ్డంటే ప్రాణం పెట్టే మనిషికి డాక్టరు నూనె మాన్పించాడు. చప్పటి జావ చూడగానే గోడవైపు తిరిగి పడుకునేది. నడక మానేసింది, మాట తగ్గించింది. మంచం మీద రోజురోజుకూ మనిషి తగ్గి దుప్పటే మిగులుతుంటే నాకు నిజమైన భయం పట్టుకుంది. అప్పుడు వికారాబాద్‌లో మా పక్కింటి నర్సమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆలుగడ్డల్ని వేళ్లలా కోసి, చన్నీళ్లలో నానబెట్టి, తడి లేకుండా తుడిచి, నూనె చెయ్యి మాత్రం రాసి, ఒకదానికొకటి తగలకుండా రేకు మీద పరిచి భట్టీలో పెడితే కరకరలాడతాయట.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ముసురుకు పట్టపగలే చీకటి కమ్మి ఉండగా, రొట్టెలాయనకు మనసులోనే దండం పెట్టి భట్టీ రాజేశాను. నిప్పులు పక్కకు నెట్టి, రేకు లోపలికి తోసి, మూతికి బండ అడ్డం పెట్టాను. భట్టీ పొడుగ్గా నిట్టూర్చింది. లోపలెక్కడో రాయి చిట్లినట్టు చప్పుడైంది. పొగ నా చుట్టూ తిరిగింది. అంతలో నా చెవి పక్కనే, బొంగురుగా, తాపీగా ఒక మగగొంతు అంది: “ఇగ తియ్యి.”

నేను ముందు తీశాను, తర్వాత భయపడ్డాను. (పంతులమ్మనైనా చెప్పిన మాట వినడం నాకు చిన్నప్పటి అలవాటు.) ముక్కలు అంచుల్లో బంగారు రంగు తిరిగి ఉన్నాయి, ఇంకాస్త ఆగితే బొగ్గయ్యేవి. రేకు కింద పెట్టి వెనక్కి తిరిగాను. గడప దగ్గర పొగలో తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, నావైపు చాచిన ఎముకల చెయ్యి. దేవుడి పేరు ఒక్కటీ నోటికి రాక, కళ్లు మూసుకుని పదమూడో ఎక్కం అందుకున్నాను.

“ఎవడే వాడు?” అంది ఆ ఆకారం.

కళ్లు తెరిస్తే మా పెద్దమ్మ!

“పెద్దమ్మా, నువ్వు లేసొచ్చినవా? నీకు గూడ ఇనబడ్డదా?”

“నా చెవులు మంచిగనే ఉన్నయి. మొగోని గొంతు. పెండ్లిగాని పిల్లతోని పెరట్ల ముచ్చట పెట్టెటోడు ఎవడో చూద్దామని వచ్చిన. యాడ దాసినవ్?”

గోడ పట్టుకుని భట్టీ వెనక్కి వెళ్లి చూసింది. అక్కడ తడిసిన కట్టెలు తప్ప మనిషి జాడ లేదు. అడుగుల గుర్తులు కూడా లేవు. నేను రెండడుగులు గడపవైపు జరిగాను. ఆమె మాత్రం మెట్టు మీద కూలబడి, ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలింది. “నిజం చెప్పు, ఎవడు?” ఇంకో ముక్క. “మన గల్లీ పిలగాడేనా?” మరో ముక్క. విచారణ పూర్తయ్యేసరికి రేకు ఖాళీ అయింది. “జర ఉప్పు తక్కువైంది,” అని లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచింది. ఆ రాత్రి అన్నం అడిగి తింది.

ఆ గొంతు రొట్టెలాయనదని నేనెంత చెప్పినా ఆమె నమ్మలేదు. మరుసటి ఏడు నాకు పెళ్లిచూపులు జరిగినప్పుడు, వచ్చినాయనను కూర్చోబెట్టి మొట్టమొదట అదే అడిగింది. “నాయనా, జర ‘ఇగ తియ్యి’ అను.” పాపం ఆయన ఏం తీయమంటున్నారో తెలియక ముందు టోపీ తీశాడు, తర్వాత సిగ్గుపడుతూ అన్నాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుని విని, “ఈయన గాదు,” అని నిశ్చింతగా ఊపిరి తీసుకుని సంబంధం ఖాయం చేసింది. తలుపు చాటున నిలబడ్డ నాకు ఎందుకో రవ్వంత నిరాశ కలిగింది. అప్పటి నాలోని ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది.