పక్క సీటు కింది బ్రేకు

మేడం ఎక్కడ కూర్చున్నా ఆమె కుడికాలు మాత్రం కూర్చోదు. సినిమాహాల్లో ముందు సీటు కిందికి జారి నేలను నొక్కుతుంది. నలుగురితో భోజనానికి కూర్చుంటే బల్ల కింద ఎవరి చెప్పునో తొక్కుతుంది. బస్సెక్కితే డ్రైవరు కంటే ముందు ఆమే బ్రేకు వేస్తుంది. భర్త దర్జీ. ఇంటి ముందుగదిలో ఆయన మిషను కుడుతూ ఉంటే, ఆమె పక్కన పేపరు పట్టుకుని కూర్చుని గచ్చు మీద పాదం టపటపలాడిస్తూ ఉంటుంది.

"ఆ కాలు ఇలా ఇద్దూ, మిషనుకి తగిలించుకుంటాను. నా మోకాళ్ళు బాగుపడతాయి" అంటాడాయన తలెత్తకుండా.

అది ఉద్యోగం అంటించిన జబ్బు. ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే, ఆమె పక్క సీటులో కూర్చుంటుంది. ఆ సీటు కింద ఆమె కోసం ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు ఉంటాయి. ఎదుటివాడు తడబడేలోపే ఆమె పాదం పని కానిచ్చేస్తుంది. చాటుగా అందరూ 'బ్రేకుల మేడం' అంటారని ఆమెకు తెలుసు. ఆ పేరు ఆమెకు బిరుదులాగే ఉండేది. ఇన్నేళ్ళలో ఆమె బండికి ఒక్క గీత పడలేదు మరి.

ఈ పనిలోకి రాకముందు ఆమె రొట్టెల వ్యాను నడిపేది. తెల్లవారేసరికి షాపులన్నింటికీ వేడివేడి రొట్టెలు అందాలి. అప్పట్లో ఆమె బ్రేకు తొక్కేది షాపు ముందు ఆగడానికే అని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మేడం మాట మార్చేస్తుంది.

అంతా సాఫీగా సాగిపోతుండగా, మందుల షాపాయన లైసెన్సు పరీక్షలో తప్పాడు.

నెమ్మదైన మనిషి. చెప్పిన మాట చెప్పినట్టు వింటాడు. పరీక్షరోజు కూడలి దగ్గరికి చక్కగా వెళ్ళాడట. ఎర్రదీపం చూశాడట. చూస్తూ చూస్తూనే గీత దాటి నడిరోడ్డు మీదికి పోయాడట. పక్కన కూర్చున్న ఆఫీసరు హ్యాండ్‌బ్రేకు లాగి, చెమట తుడుచుకుని, ఎందుకు ఆపలేదని అడిగాడు.

"మేడం ఉంటే ఆగేదండీ" అన్నాడు మందుల షాపాయన.

ఆ మాట ఆయన ఆమెకు ఫిర్యాదుగా చెప్పలేదు. ఫలానా మందు వేసుకుంటే తలనొప్పి తగ్గుతుంది అన్నంత మామూలుగా చెప్పాడు. అందుకే అది ముల్లులా దిగబడింది. ఆ సాయంత్రం ఒక్కతే కారులో ఇంటికి వస్తోంది. ముందు బండి లేదు, మనిషి లేడు, కుక్కపిల్ల కూడా లేదు. ఉన్నట్టుండి కారు నెమ్మదించింది. వెనకనుంచి ఎవరో హారన్ మోత మోగించాడు. కిందికి చూసుకుంటే, తన పాదం బ్రేకు మీద ఉంది. ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు.

ఆ రాత్రి నుంచి ఆమెకు తిండి సయించలేదు. చీపురు పట్టుకుంటే మధ్యలో వదిలేసేది, కూర తరగబోయి కిటికీ దగ్గరికి పోయేది. రోజులు ఇలా గడిచాక ఒక మధ్యాహ్నం 'మూడో గేరు'కి ఫోను చేసింది.

మూడో గేరు ఆమె పాత శిష్యుడే. నేర్చుకునే రోజుల్లో ఏ గేరు వెయ్యబోయినా మూడోదే పడేది. ఇప్పుడు టైర్ల షాపు నడుపుతూ, ఆదివారాలు కార్ల క్లబ్బులో గడుపుతాడు. పెద్ద ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పేర్చి దారి గీసి, ఒక్కో కారునూ ఒంటరిగా వదిలి, ఎవరెంత త్వరగా చుట్టి వచ్చారో చూస్తారు. కోను పడితే శిక్షగా కొంత సమయం కలుపుతారు. ఆటోక్రాస్ అంటారు దాన్ని. అందులో స్టాక్ క్లాసు అని ఒకటుంది. కారు కంపెనీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి.

"మీరా మేడం, మీరు పోటీకా?" అని నవ్వాడతను. అవతల నవ్వు వినపడకపోయేసరికి తగ్గాడు. "రావచ్చు మేడం. కానీ ఆ పక్క సీటు బ్రేకు ఉండకూడదు. అది కంపెనీది కాదు కదా. రూలు రూలే."

"తీసేయిస్తాను."

"ఇంకోటి. కొత్తవాళ్ళ పక్కన క్లబ్బువాళ్ళొకరు కూర్చోవాలి. నేర్పడానికి."

"ఎవరు కూర్చుంటారు?"

"నేనే" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. "ఇదొక్కటి చూస్తానండీ. ఆపడం కాక నడపడం కూడా వచ్చో రాదో తేలిపోతుంది. రాదని తేలితే ఈ పని మానేస్తాను. జనానికి ఆగడం కూడా రాకుండా చేస్తున్నాను నేను."

"మానేసి?"

"మీ మిషను తొక్కుతాను."

"అమ్మా తల్లీ, వద్దు. జాకెట్లన్నీ ఒక చెయ్యి దగ్గరే ఆగిపోతాయి" అన్నాడాయన. తర్వాత ఆమె ముఖం చూసి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "సరే, వెళ్ళు" అన్నాడు.

శనివారం కారును తమ్ముడి షెడ్డుకు తీసుకెళ్ళింది. తమ్ముడు మెకానిక్. పక్క సీటు కింద ఆ పెడళ్ళు బిగించింది అతనే.

"వీటి వయసెంతో తెలుసా అక్కా? నా పెళ్ళికి ముందు వేశాను. నా బట్టతల కంటే పాతవి."

"కబుర్లు తర్వాత. ఊడదీయరా."

అతను సీటు వెనక్కి జరిపి తల దూర్చాడు. బోల్టులు తుప్పుతో కరిచి పట్టుకున్నాయి. నూనె పోసి, కొట్టి, తిట్టి మొత్తానికి ఊడదీశాడు. పెడళ్ళు బయటికొచ్చాక మేడం వంగి చూసింది. ఆమె మడమ ఆనే చోట కార్పెట్టు గుండ్రంగా అరిగిపోయి, కింద రేకు తళతళలాడుతోంది. తన కాలు అక్కడే ఉండిపోయినట్టు అనిపించి చప్పున లేచింది.

తర్వాత కారు ఖాళీ చేశారు. పరుగులో దొర్లే వస్తువేదీ లోపల ఉండకూడదు. పొట్టివాళ్ళ కోసం ఉంచిన దిండు, గొడుగు, ఎవరివో కళ్ళజోళ్ళు, నేర్చుకునేవాళ్ళ భయానికి సాక్ష్యంగా సీట్ల సందుల్లో ఇరుక్కున్న చాక్లెట్ కాగితాలు, అన్నీ బయటపడ్డాయి. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ దించారు. పైన ఉన్న స్కూలు బోర్డు తీసేశారు. బోర్డు లేని కారు గుండు చేయించుకున్న మనిషిలా కొత్తగా, కాస్త సిగ్గుపడుతున్నట్టు నిలబడింది. తమ్ముడు బ్యాటరీ పట్టీ బిగించాడు, చక్రాల నట్లు ఒక్కొక్కటే పట్టి చూశాడు, ముందు టైర్లలో గాలి కాస్త పెంచాడు. అతను ఒకటి చేస్తుంటే ఆమె రెండోదాని గురించి అడిగేది. చేసినచోట మళ్ళీ చెయ్యి పెట్టి చూసేది.

"అక్కా, కాసేపలా కుర్చీలో కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా."

"నువ్వు కూర్చున్నావు. నీ కాలు నా స్పానర్ల డబ్బాని తన్నుతోంది."

బ్రేకుల్లో ఆయిలు మార్చడం ఆఖరి పని. పాతది తీసి కొత్తది పోశాక లోపల గాలి మిగలకూడదు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకుంటారు. రెండోవారు చక్రం దగ్గర చిన్న మర వదులుచేస్తే, ఆయిలుతో పాటు గాలి బుడగలు గొట్టంలోకి వచ్చేస్తాయి. మర బిగించాకే కాలు తియ్యాలి. ముందే తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది.

"తొక్కు" అన్నాడు తమ్ముడు చక్రం పక్క నుంచి. "పట్టుకో."

మర వదులు చేశాడు. బుడగలు వచ్చాయి. అంతలో ఉన్నట్టుండి గొట్టంలోంచి గాలిని వెనక్కి పీల్చుకుంది.

"వదిలేశావా?"

"లేదే."

"వదిలావక్కా."

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే అయింది. మూడోసారి ఆయిలు అతని మణికట్టు మీదికి కారింది. తమ్ముడు లేచి వచ్చి, డ్రైవరు తలుపు తీసి, వంగి ఆమె పాదం వంక చూశాడు. అది బ్రేకును తడుతోంది. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. పక్క సీటులో ఇన్నేళ్ళు చేసిందదే. నేర్చుకునేవాడు ఉలిక్కిపడకుండా, కొంచెం కొంచెంగా.

"నువ్వు బ్రేకు తొక్కట్లేదు, జోకొడుతున్నావు. నిద్రపోతుందనుకున్నావా? తొక్కితే చివరిదాకా తొక్కు. నేను చెప్పేదాకా కాలు కదపకు. లేదంటే అసలు దాని జోలికే వెళ్ళకు."

"నా కాలు నా మాట వినట్లేదురా" అంది మేడం. ఆ గొంతులో వేళాకోళం లేదు.

తమ్ముడు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "రొట్టెల వ్యాను వెనక నన్ను కూర్చోబెట్టుకుని తిప్పావు గుర్తుందా? కళ్ళు మూసుకునేవాణ్ణి. అప్పుడు వినేది. తొక్కు."

ఆమె తొక్కింది. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, పళ్ళు బిగించి పట్టింది. తొడ వణికింది. చక్రం దగ్గర ఏమవుతోందో కనిపించదు. అతని మాట వచ్చేదాకా ఆగడం తప్ప ఆమె చేయగలిగిందేమీ లేదు. "వదులు" అన్నాక వదిలింది. నాలుగు చక్రాలకూ అలాగే చేశారు. పని అయ్యేసరికి పెడలు రాయిలా గట్టిగా తగిలింది. ఆమె చీర నడుము దగ్గర చెమటకు తడిసిపోయింది.

ఆదివారం పొద్దున ఆ ఖాళీ స్థలం కార్లతో నిండింది. దర్జీ నల్లగుడ్డలో నంబరు కత్తిరించి తెచ్చి తలుపుకు టేపుతో అంటించాడు. అంచు వంకర పోయిందని మళ్ళీ తీసి అంటించాడు. టైరు ఎంతవరకు ఒరుగుతోందో తెలియాలని తమ్ముడు టైర్ల అంచుల మీద గీతలు గీశాడు, బావ జేబులోని సుద్దతోనే. తనిఖీ చేసే మనిషి బ్యాటరీ కదిపి చూశాడు, బెల్టులు లాగి చూశాడు, పక్క సీటు కింద టార్చి వేసి, తళతళలాడుతున్న రేకును చూసి, టిక్కు పెట్టాడు.

రెండు అవకాశాలు. మొదటిసారి మూడో గేరు హెల్మెట్ పెట్టుకుని పక్క సీటులో సర్దుకున్నాడు. "మేడం, దూరంగా చూడండి. పక్కనున్న కోను కాదు, దాని తర్వాతది."

"ఆ మాట నీకు చెప్పింది ఎవర్రా?"

"మీరే మేడం."

జెండా ఊగింది. మేడం బయలుదేరింది. మొదటి కోను దగ్గర సన్నగా టిక్ టిక్ మని చప్పుడు. రెండో కోను దగ్గరా అదే. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ నవ్వడం ఆమెకు హెల్మెట్‌లోంచే వినిపించింది. ప్రతి మలుపుకూ ఆమె ఇండికేటర్ వేస్తోంది. పాదం బ్రేకును జోకొడుతూనే ఉంది. చివర కారు ఆపాలని గీసిన గడిలో ఆపడం మాత్రం అద్దినట్టు ఆపింది. ఆ రోజు అంత చక్కగా ఆగిన కారు ఇంకోటి లేదు. అంత ఆలస్యంగా వచ్చిందీ ఇంకోటి లేదు.

దిగగానే తమ్ముడు టైర్ల దగ్గర కూర్చున్నాడు. సుద్దగీతలు చెక్కుచెదరలేదు. "కార్లన్నీ ఇక్కడికి పరుగెత్తడానికొచ్చాయి. నీది వాకింగుకొచ్చింది" అన్నాడు.

ఆమె కారు చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. భర్త నీళ్ళసీసా ఇస్తే మూత తీసి, తాగకుండా మూత పెట్టి తిరిగిచ్చేసింది. ఆమె వంతు రాగానే ఆయన మెల్లగా, "బాగానే ఉందిలే, ఇంటికెళ్ళిపోదామా?" అన్నాడు.

"ఉండండి" అంది.

మూడో గేరు పక్కన ఉండగానే రెండోసారి జెండా ఊగింది. తొలి కోను ఎదురొస్తుంటే కాలు బ్రేకు వైపు లాగింది. ఆమె దాన్ని పట్టి ఉంచింది, నిన్న మర బిగించేదాకా పట్టినట్టు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా మాట రావలసిన చోటు తెలిసింది. అక్కడ చివరిదాకా తొక్కింది, వదిలేసింది, మళ్ళీ దాని జోలికి పోలేదు. కారు ఒక పక్కకు ఒరిగింది. టైర్లు కీచుమన్నాయి. రెండో కోను, మూడోది, ఆ తర్వాత తిన్నని దారి. చివర పెద్ద మలుపు మీదికొస్తోంది. ఆమె ఇంకా తొక్కలేదు.

"మేడం" అన్నాడు మూడో గేరు.

ఆమె తొక్కలేదు.

"మేడం, మేడం..."

పక్కన ధన్‌మని శబ్దమైంది. మూడో గేరు కాలు చాచి నేలను తన్నాడు. అరిగి తళతళలాడే ఆ రేకు మీదే.

"అక్కడేం లేదు నాయనా" అంది మేడం. అప్పుడు తొక్కింది.

కారు మలుపు తిరిగింది. వెనక చక్రం ఒక కోనును పడగొట్టింది. గడి దాటి రెండు బారల అవతల ఆగింది. ఫలితాల జాబితాలో ఆమె పేరు కింద నుంచి వెతికితే త్వరగా దొరికే చోటే ఉంది. టైర్ల మీద సుద్ద మాత్రం అంచుల దాకా చెరిగిపోయింది. తమ్ముడు ఆ సుద్ద చూపించడానికి బావను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మూడో గేరు హెల్మెట్ తీసి, "నేర్చుకునేటప్పుడు మిమ్మల్ని ఎంత భయపెట్టానో ఇవాళ తెలిసింది మేడం" అన్నాడు.

సాయంత్రం తమ్ముడు పెడళ్ళు చేతిలో పట్టుకుని అడిగాడు. "ఇవి మళ్ళీ బిగించమంటావా?"

"బిగించకపోతే రేపు పాఠం ఎలా చెప్పనురా? బిగించు. కానీ కాస్త ముందుకు జరిపి బిగించు. నా కాలు ఊరికే అందకూడదు."

సోమవారం మొదటి పాఠం మందుల షాపాయనది. మేడం సీటు చివరిదాకా వెనక్కి నెట్టి, కాళ్ళు సీటు కిందికి ముడుచుకుంది. కూడలి వస్తోంది. ఎర్రదీపం వెలిగింది. ఆయన ఓరకంట ఆమె కాళ్ళ వైపు చూశాడు. అక్కడ కాళ్ళు కనిపించలేదు.

"ఆపమంటారా మేడం?"

"నన్నడుగుతారేమిటి? దీపం అక్కడుంది."

చెప్పు లోపల ఆమె వేళ్ళు ముడుచుకుపోయాయి. ముందున్న గీత దగ్గరపడుతోంది. ఆమె కిటికీ అంచు పట్టుకుంది, నోరు మాత్రం తెరవలేదు. కారు ఒక్కసారిగా ఊగి, గీత మీద ముందు చక్రాలతో ఆగింది. ఆయన ఊపిరి వదిలాడు. తర్వాత ఆమె కూడా వదిలింది.

"గీతకు ఇవతల ఆపాలి" అంది మేడం. "మళ్ళీ చుట్టూ తిప్పుకుని రండి."