గ్రెనడాను బేరమాడాను

ఒక దేశాన్నే బేరమాడి చెడగొట్టుకున్నవాణ్ణి మా ప్రొద్దుటూరు కొట్ల వీధి మొత్తంలో నేనొక్కణ్ణే. ఈ ఘనతలో ఎవరికీ వాటా ఇవ్వను.

అప్పట్లో మస్కట్‌లో, మత్రా బజారులోని ఒక మసాలా దినుసుల కొట్టుకు సరుకు కొనిపెట్టే పని నాది. మా ఒమానీ యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. ఊరి శివారున సీబ్‌లో రెండో కొట్టు తెరుస్తున్నానని, ఈద్‌కు ముందు మంచి జాజికాయ వంద కిలోలు సరసమైన ధరకు తెస్తే దాని పెత్తనం నాకే ఇస్తానని ఆయన మాటిచ్చాడు. పుట్టినప్పటి నుంచి మరొకరి గల్లాపెట్టె పక్కనే నిలబడ్డవాడికి అది చిన్న మాట కాదు.

అలాంటి సరుకు ఒకావిడ దగ్గర ఉంది. ఆమెది కరీబియన్ సముద్రంలోని గ్రెనడా. మస్కట్‌లోనే ఖురం అనే పేటలో హోటల్ ఉద్యోగం చేస్తూ, మేనమామ తోటలోని కాయ తెప్పించి అమ్మేది. నమూనా సంచి బల్ల మీద పెట్టి, కిలో నాలుగు రియాల్స్ అంది.

మా వీధిలో సరుకు నచ్చితే ముందు దాన్ని తిట్టాలి. అమ్మేవాడు తిరిగి తిడతాడు, ఇద్దరూ టీ తాగుతారు, బేరం తెగుతుంది. కాయ కొరికి చూశాను. నూనె నాలుకను చురుక్కుమనిపించింది. అంత మంచి కాయ నేనెన్నడూ చూడలేదు. కాబట్టి మొహం చిట్లించాను.

“ఎక్కడుంది మేడమ్ ఈ గ్రెనడా? మ్యాప్ మీద ఈగ వాలితే కనబడదే!”

“చిన్నదే. అన్నీ కొండలు, చుట్టూ నీళ్లు. చదును నేల తక్కువ. అందుకే గుప్పెడు అమ్మినా డబ్బొచ్చేది పండిస్తాం.”

“మా ఊళ్లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అయినా ఈ కాయ మీదా? ఇండోనేసియా నుంచి తెచ్చిందేగా.”

“మమ్మల్నీ తెచ్చారు. ఫ్రెంచివాళ్లు, తర్వాత ఇంగ్లీషువాళ్లు, ఆఫ్రికా నుంచి చెరకు తోటల్లో చాకిరీకి. బానిసత్వం పోయాక చెరకు దెబ్బతింది. ఈ చెట్టే మమ్మల్ని నిలబెట్టింది.”

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

“ఏం నిలబెట్టింది? తుపానుకు చెట్లన్నీ పడిపోయాయిగా. ఇప్పుడు టూరిస్టుల మీద బతుకుతూ, డబ్బిచ్చిన పరాయివాళ్లకు పాస్‌పోర్టులు అమ్ముకుంటున్నారు. దేశాన్నే అమ్ముకునేవాళ్లకు కాయ మీద ఇంత బెట్టా? మూడు రియాల్స్. లేదంటే తీసుకుపోండి.”

ఆమె సంచి మూతి కట్టింది. “పడిన చెట్టు చోట కొత్తది నాటితే, కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. అది కాయ కాసే ఆడ చెట్టో, కాయని మగ చెట్టో కూడా అప్పటిదాకా తెలియదు. మా మామ అలా కాచుకున్న కాయ ఇది. మా జెండా మీద ఉన్నదీ ఇదే. మీకు అమ్మను.”

వెళ్లిపోయింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. మా కొట్లో తూకం చూసే కడప సాయిబు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

“శెట్టీ, ఆ యమ్మ నిజంగానే పోతాండాది.”

“పోనీ భాయ్. మలుపు దాకా పోయి తిరిగొస్తుంది.”

“మలుపు దాటి ట్యాక్సీ గూడా ఎక్కె. మీ ఊరి తిట్లాట ఈడ ఎవురికి తెలుసు?”

“ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వు నోరు తెరిచినాక ఇంగొగరి మాట యాడ పడతాది?”

సాయంత్రం ఫోన్ చేసి, నాలుగుకే తీసుకుంటానన్నాను. “ఎంతిచ్చినా మీకు మాత్రం కాదు” అని పెట్టేసింది. కాయలమ్ముకునేదానికి ఎంత పొగరు అని ఆగిపోయిన ఫోన్‌ను తిట్టాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సరుకంతా పక్క సందులోని మలయాళీ వ్యాపారి నాలుగుకే కొన్నాడు. ఈద్ ముంచుకొచ్చింది. అదే కాయ వాడి దగ్గర ఐదున్నరకు కొన్నాను. వాడు నవ్వుతూ టీ కూడా ఇప్పించాడు. అర్బాబ్ బిల్లు చూసి, సీబ్ కొట్టు తాళాలు సాయిబు చేతిలో పెట్టాడు.

లెక్క ఇది. కిలోకు రియాలున్నర చొప్పున, వంద కిలోల మీద నూట యాభై రియాల్స్ నష్టం. అందులో సగం నా జీతంలో కోత. సీబ్ కొట్టు పోయింది. పోనీ, ఆమె మూడుకు ఒప్పుకుని ఉంటే వంద రియాల్స్ మిగిలేవి. అవి అర్బాబ్‌వి. అందులో నాకు ఒక్క బైసా కూడా రాదు.