ఏటార్ వేస్ట్ చేసిన పిల్ల

సిడ్నీ శివార్లలో, రౌస్ హిల్‌లో మా ఇంటి గ్యారేజీలో కారు పెట్టి ఎన్నేళ్ళయిందో. అక్కడిప్పుడు రెండు పొడుగు బల్లలు, గోడకి ఒక తెల్లబోర్డు. శనివారం పొద్దున పదకొండు, పన్నెండు తరగతులు చదివే పిల్లలొస్తే ఫిజిక్స్ చెబుతాను. తెనాలిలో జూనియర్ కాలేజీలో ఉన్నప్పుడూ అదే చెప్పాను. అంచేత ఇక్కడ మనవాళ్ళలో నాకు మర్యాద బాగానే జరుగుతుంది. వినాయక చవితికి ఎవరింటికెళ్ళినా "మావాడి ఫిజిక్స్ మీ చేతిలో ఉంది మేడమ్" అంటూ కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. ఆ మర్యాద ఎంతవరకో మొన్న డిసెంబరులో తెలిసింది.

ఆ పిల్ల నా దగ్గర రెండేళ్ళు చదివింది. తండ్రి ఐటీ మేనేజరు, తల్లి అకౌంటెంటు. మిగతా పిల్లలు నేనేం మొదలుపెట్టినా "ఆంటీ, ఈజ్ దిస్ ఇన్ ది ఎగ్జామ్?" అంటారు. ఈ పిల్ల ఒకరోజు మెట్రోలో వస్తూ, ఒక తాడుకి తాళంచెవి కట్టి వేలాడదీసి పట్టుకుని, రైలు కదిలి జోరందుకుంటుంటే అది వెనక్కి ఎంత వాలిందో ఫోనులో వీడియో తీసుకొచ్చింది. ఆ వాలుని బట్టి రైలు వేగం ఎంత చప్పున పెరిగిందో తనే లెక్క కట్టింది. తర్వాత మొత్తం తాళాలగుత్తి కట్టి చూసినా వాలు మారలేదట. "బట్ వై, ఆంటీ?" అన్నప్పుడు దాని మొహం చూడాలి. ఆ రోజు సిలబస్ అటకెక్కింది. నాకు పాఠం చెప్పడమంటే ఎందుకిష్టమో చాలా కాలానికి గుర్తొచ్చింది.

డిసెంబరులో ఫలితాలొచ్చాయి. పన్నెండు అయిన పిల్లలందరిలో ఎవరెక్కడున్నారో చెప్పే అంకె ఒకటి ఇస్తారిక్కడ, ఏటార్ అంటారు. దీనికి తొంభై తొమ్మిది దాటింది, అంటే నూటికి తొంభై తొమ్మిది మంది దీని వెనకే. ఆ ఆదివారం మధ్యాహ్నం తల్లీ తండ్రీ పిల్లని వెంటబెట్టుకుని, స్వీట్ల డబ్బాతో వచ్చారు. నేను సంబరపడిపోయి కాఫీ పెట్టాను. కప్పులు చేతికిచ్చీ ఇవ్వకముందే తండ్రి అసలు సంగతి బయటపెట్టారు.

"ఇది యూనివర్సిటీ ఫారంలో ఫస్ట్ ప్రిఫరెన్స్ ఫిజిక్స్ పెట్టింది మేడమ్. ఆఫర్లొచ్చే లోపల చేంజ్ చేసుకోవచ్చు, ఇంకా టైముంది. మీరు చెబితే వింటుంది."

"ఏం పెట్టమంటారు?"

"ఆప్టోమెట్రీ అయినా పర్లేదు, యాక్చూరియల్ అయినా ఓకే. ఫిజిక్స్‌కి ఎనభై వచ్చినవాళ్ళకి కూడా సీటిస్తారు మేడమ్! ఇంత ఏటార్ తెచ్చుకుని వేస్ట్ చేస్తానంటే ఎలా?"

కళ్ళజోళ్ళ చదువైనా, బీమా లెక్కల చదువైనా పర్లేదు, ఫిజిక్స్ తప్ప! నాకు ఒళ్ళు మండింది. సీటు సులువుగా దొరికితే చదువు చవకదైపోతుందా? ఏటారేమన్నా గిఫ్ట్ కార్డా, పైసా మిగలకుండా వాడకపోతే నష్టపోవడానికి? ఫిజిక్స్, ఫిజిక్స్ అంటూ రెండేళ్ళు నా గుమ్మం ముందు కారు ఆపిందెవరు? ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. పోనీ వాళ్ళ తెప్ప వాళ్ళు తగలేసుకోవచ్చుగా, అగ్గిపుల్ల నన్ను గీయమంటారేం?

సోఫా చివర కూర్చున్న పిల్ల మెల్లిగా అంది. "అమ్మా, ఐ యామ్ నాట్ చేంజింగ్ ఇట్."

"నువ్వుండవే, పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం కదా," అని తల్లి నా వైపు తిరిగారు. "ఈ పిచ్చి ఎక్కించింది మీరే మేడమ్, మీరే దించాలి. మీకు తెలియనిదేముంది? ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి మీరు మాత్రం..."

అక్కడితో ఆగి, గ్యారేజీ తలుపు వైపు చూశారు.

ఈ దేశం వచ్చిన కొత్తలో నా ఎమ్మెస్సీ చూసి ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వలేదు. సూపర్‌మార్కెట్లో అరలు సర్దాను. ఆవిడ అనబోయింది అబద్ధం కాదు, అందుకే మరీ మండింది. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. నేనిప్పుడు నీళ్ళు నమిలితే ఆ రాత్రికే దాని కోర్సు మారిపోతుందని నాకు తెలుసు.

"మళ్ళీ పుట్టి మళ్ళీ ఇంటర్ పాసైనా నేను ఫిజిక్సే తీసుకుంటానండీ," అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. "మీ అమ్మాయికి నా గతి పట్టదు, నాకన్నా చురుకైంది. ఒకవేళ పట్టినా సరే, మార్చమని నా నోటితో చెప్పను. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

తాగలేదు. లేచి వెళ్ళిపోయారు. పిల్ల గుమ్మంలో బూట్లు వేసుకుంటూ కావాలనే ఆలస్యం చేసి, నన్ను గట్టిగా కౌగలించుకుని వాళ్ళ వెనకాల పరిగెత్తింది.

మార్చలేదు. సీటొచ్చింది, ఇప్పుడు యూనివర్సిటీకి వెళుతోంది. సంక్రాంతి లంచ్‌లో ఎవరో ఆంటీ ఆ తల్లి చెయ్యి పట్టుకుని, "బాధపడకండి, సెకండ్ ఇయర్లో ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చుట," అని ఓదారుస్తుంటే నా చెవులారా విన్నాను. తొంభై తొమ్మిది తెచ్చుకున్న పిల్ల తల్లికి పరామర్శలు! నేను ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

జనవరి ఆఖర్లో ఆ తల్లే ఫోన్ చేశారు.

"మేడమ్, అప్పుడేదో టెన్షన్లో మాట్లాడాం, ఏమనుకోకండి. మా రెండోది ఇయర్ లెవెన్‌కి వచ్చింది. మీలా చెప్పేవాళ్ళు సిడ్నీ అంతా వెతికినా దొరకరు. శనివారం నుంచి పంపిస్తాం."

నా మనసు మెత్తబడింది. సరేనన్నాను.

"ఒక్క రిక్వెస్ట్ మేడమ్. దీనికి మాత్రం మార్కులొచ్చేంత వరకే చెప్పండి. ఇష్టం పుట్టనివ్వకండి."

ఇన్నేళ్ళ నా పాఠాల బతుకులో ఇంత మర్యాదగా ఇంత మాట నన్నెవరూ అనలేదు.

"నాకు ఒక్కలాగే చెప్పడం వచ్చండీ," అన్నాను. "ఇష్టం పుడితే పూచీ నాది కాదు. ఆలోచించుకుని పంపండి."

ఆలోచిస్తామన్నారు. స్కూళ్ళు తెరిచి నెల దాటింది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.