మా నాయన రేడియోలో మాట్లాడిన రోజు

ఆ రోజు మా అమ్మ మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. రెండు మైళ్లు నడిచి, వంక ఇసుకలో చెలమ తోడి, చెంబు చెంబుగా నింపుకొచ్చిన కడవెడు నీళ్లను ఆమె తీసుకుపోయి రేడియోకి పోసింది. నాలుక పిడచకట్టుకుపోయి నేను పక్కనే నిలబడి ఉన్నాను. రేడియోకి నీళ్లు పోయడమేంది జేజీ అని మా మనవరాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వండి తల్లీ, మీకేం! కర్నూలులో కుళాయి రోజు విడిచి రోజైనా వస్తుంది.

మాది ఆలూరుకు అవతల మెట్ట పల్లె. ఊరంతటికీ ఒకటే రేడియో, పంచాయతీది. పేరుకే పంచాయతీది, ఉండేది మాత్రం ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద, తాళం వేసిన చెక్క పెట్టెలో. ఊళ్లో కరెంటు లేదు. పెద్ద బ్యాటరీతో నడిచేది. అది అయిపోతే మళ్లీ ఎన్నాళ్లకు పంపుతారో తెలియదు కాబట్టి సందెవేళ పల్లెటూరి కార్యక్రమం వచ్చేటప్పుడే పెట్టేవారు. మిద్దె మీద రెండు వెదురు గడల మధ్య ఒక తీగ కట్టి ఉండేది. ఇంకో తీగ పెట్టె వెనక నుంచి గోడ వారగా దిగి, వీధిలో తవ్విన గుంతలోకి పోయేది. గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి రేకు పూడ్చారు. అక్కడ మన్ను తడిగా ఉంటేనే మాట తేటగా వస్తుందని, ఎండితే గరగర తప్ప ఏమీ వినబడదని రేడియో బాగుచేసే ఆయన చెప్పిపోయాడు. మా సీమలో తడి మన్ను ఎక్కడినుంచి తెస్తాం? అది ఆయన చెప్పలేదు.

ఆ ఏడు తొలకరికి ఒక్క వాన పడింది. ప్రెసిడెంటు చేనిలో నాయన గొర్రు తోలుతుంటే, అమ్మ వెనకాల కొర్ర విత్తనం వదులుతూ నడిచేది. నాయన పాడుతున్నాడు. గొర్రు పట్టినప్పుడు ఆయన పాడకుండా ఉండడు, ఎడ్లు గూడా పాట లేకుంటే నడవవని అమ్మ ఎగతాళి చేసేది. సరిగ్గా అప్పుడే కడప రేడియో వాళ్లు జీపులో ఆ దారిన వచ్చారు. ప్రెసిడెంటు వాళ్లకు చేలు చూపిస్తున్నాడు. పాట విని దిగారు. అయిపోయేదాకా గట్టు మీద నిలబడి విని, "కడపకు వచ్చి రేడియోలో పాడతావా?" అని అడిగారు. నాయన తల ఊపాడు. అంతే, జీపు వెళ్లిపోయింది.

వాళ్లకు తెలియనిది, ఊరందరికీ తెలిసినది ఒకటుంది. మా నాయనకు నత్తి. పాటలో రాదు, మాటలో తప్పదు. ఆదివారం మా మిషన్ గుడిలో పాట ఎత్తేది ఆయనే. ప్రార్థన చెయ్యమంటే మాత్రం తల దించుకునేవాడు. ప్రెసిడెంటు ఎదుటైతే ఇక నోరే లేచేది కాదు. కూలి అడగాలన్నా అమ్మే అడగాలి. ఆ రోజు జీపు పక్కనే నిలబడి ఉన్న ప్రెసిడెంటు ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. మనిషి పోయి శానా కాలమైంది, ఇప్పుడు అడగడానికీ లేదు.

తర్వాత కార్డు వచ్చింది. మిషన్ బడిలో నాలుగో తరగతి చదువుతున్నాను కనుక నేనే చదివి వినిపించాను. ఫలానా రోజు సందెవేళకు రావాలి, కార్యక్రమం అప్పటికప్పుడే ప్రసారమవుతుంది, ముందు ఊరి సంగతులు, సేద్యం సంగతులు అడుగుతారు, జవాబు చెప్పాక పాట పాడాలి అని ఉంది. నాయన మొహం మాడిపోయింది.

"పా... పా... పాటొకటే అన్న్యారు గదా," అన్నాడు.

అమ్మ పోవద్దంది. ఆయన మూడు రోజులు ఎడ్ల దగ్గర నిలబడి ఆ ఎడ్లకే మా ఊరి సంగతులు చెప్పి చూసుకున్నాడు. నాలుగో రోజు ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు. మరునాడే కార్యక్రమం.

ఆ పొద్దున అమ్మ నన్ను వెంటబెట్టుకుని ప్రెసిడెంటు అరుగు ముందుకు పోయింది. మేము అరుగు ఎక్కేవాళ్లం కాదు, వీధిలోనే నిలబడాలి.

"అయ్యా, ఈ పొద్దు రేడియో బాగా పలుకుతాదా?" అని అడిగింది.

ఆయన పెట్టె తాళం తీసి ఒక్క నిమిషం పెట్టి చూశాడు. గరగర, గరగర. "గుంత ఎండిపోయినాదమ్మే. కడవెడు నీళ్లన్నా పడాల. మా బాయిలో బురద తప్ప ఏముండాది?" అన్నాడు.

పక్కన ఆయన బావమరిది కూర్చుని ఉన్నాడు. "నీళ్లు పోస్తే మాత్రం ఏం లాభం బావా? నత్తి మాటకు గరగర తోడైతేనే కచేరీ బాగుంటాది!" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ప్రెసిడెంటు గూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ నేరుగా ఇంటికొచ్చి కడవ తీసుకుంది.

చెలమ దగ్గర ఊట సన్నగా ఉంది. ఒక చెంబు నిండితే మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. నాకు రెండు దోసిళ్లు తాగనిచ్చింది. ఇంకో దోసిలి పట్టబోతే చెయ్యి తోసేసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందామ్మా? ఆ గరగరలో నాయన మాట ఎవరికీ వినపడకుంటేనే మేలు గదా?" అన్నాను. పిల్లదాన్నైనా నాది మంచి ఆలోచనే అనుకున్నాను.

అమ్మ ఇసుకలో చతికిలబడింది. "మేలెట్లయితాది? వినపడకుంటే వీళ్లు ఊరుకుంటారా? నోరు పడిపోయిందని వీళ్లే కథ కట్టి చెప్పుకుంటారు. ఆ మాట ఆయప్ప చెవిన పడితే ఇంగ పాట గుడక పాడడు. నేను నా చెవులతో వినాల. ఏం జరిగిందో రేపు నేను చెప్పాల," అంది. అమ్మ గూడా భయపడుతుందని అప్పుడే తెలిసింది. భయం నాకూ పట్టుకుంది.

సందెవేళకు ఊరంతా ప్రెసిడెంటు ఇంటి ముందే ఉంది. అమ్మ అందరూ చూస్తుండగా కడవ వంచి గుంతలో పోసింది. మా కడవ నీళ్లు వాళ్ల గడప దాటకూడదు గానీ రేడియో గుంతకు పనికొచ్చాయి. మన్ను ఆ నీళ్లను గుటకలేసినట్టు తాగింది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

ప్రెసిడెంటు పెట్టె తెరిచి మర తిప్పాడు. ఎంత తేటగా వచ్చిందో చెప్పలేను! వార్తలు చదివే ఆయన ఆ అరుగు మీదే కూర్చుని చదువుతున్నట్టుంది. తర్వాత ధరవరలు చెప్పారు, ఎరువుల గురించి ఎవరో మాట్లాడారు. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది, గోళ్లు దిగుతున్నాయి. నొప్పిగా ఉన్నా నేను కదల్లేదు.

ఆఖరికి కార్యక్రమం నడిపే ఆయన మా ఊరి పేరు చెప్పి, నాయన పేరు చెప్పాడు. జనంలో గుసగుసలు లేచి ఆగాయి.

"ఈ ఏడు మీ ఊళ్లో వానలు ఎట్లున్నాయి? సేద్యం ఎట్లుంది?" అని అడిగాడు.

ఏమీ రాలేదు.

గరగర లేదు, గురగుర లేదు. తడిసిన గుంత పుణ్యమా అని ఒక్క చప్పుడు గూడా లేదు. నేను లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదు దాటింది, ఏడు దాటింది.

"ఆగిపోయిందే!" అన్నారెవరో.

"బ్యాటరీ అయిపోయింటాది," అన్నాడు బావమరిది. "తిప్పు బావా, ఇంకో టేసను పెట్టి చూడు."

ప్రెసిడెంటు లేచి మర మీద చెయ్యి వేశాడు. నా భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసిందో తెలియదు, చూసేసరికి మా అమ్మ అరుగు మీద ఉంది. ప్రెసిడెంటు మణికట్టు పట్టుకుని ఉంది!

"తిప్పొద్దయ్యా!" అంది. "రేడియో ఆగలేదు. అది మా ఆయప్పే. మాటాడతాండాడు... వచ్చేదాకా ఉండండి."

బావమరిది ఆగ్రహంగా లేచాడు. వీధిలో మావాళ్లంతా బిగుసుకుపోయారు. ఒక ఆడమనిషి, అందులోనూ మా ఇళ్ల ఆడమనిషి, ఆ అరుగెక్కి ఆ చెయ్యి పట్టుకుంటే ఏమవుతుందో నా వయసు పిల్లలకు గూడా తెలుసు. ప్రెసిడెంటు ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి విడిపించుకోలేదు, మర తిప్పనూ లేదు.

అప్పుడు పెట్టెలోంచి, "మ్..." అని వినబడింది. మళ్లీ, "మ్... మ్... మ్..."

బావమరిది ఫక్కున నవ్వబోయాడు. "నోరు ముయ్యిరా," అన్నాడు ప్రెసిడెంటు, అతని వైపు తిరగకుండానే.

"మా... మా ఊర్లో వా... వా... వాన లేదు," అన్నాడు నాయన. ఊపిరి తీసుకోవడం గూడా వినబడింది. "మొ... మొలక ఎం... ఎండిపోతాండాది."

ఎవరూ నవ్వలేదు. ఎట్లా నవ్వుతారు? అరుగు మీదివాళ్ల మొలకలూ ఎండిపోతున్నాయి, వీధిలోవాళ్లవీ ఎండిపోతున్నాయి. ఆ మాట ఇంతమంది వినేటట్టు మా ఊరి నుంచి ఎవరూ చెప్పి ఉండలేదు. తర్వాత నాయన పాట ఎత్తుకున్నాడు. అది గొర్రు తోలేటప్పుడు పాడే పాటే. పాట సగంలో అమ్మ తను ఎక్కడున్నదీ గమనించుకున్నట్టుంది, గబగబా దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఒళ్లంతా చెమట పట్టి ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం నాయన బస్సు దిగాడు. మేము ఎదురుపోయాం. ఆయన అమ్మ మొహం చూడకుండా, "వి... విన్న్యావా?" అన్నాడు.

"విన్న్యా," అంది అమ్మ. అరుగెక్కిన సంగతి చెప్పలేదు.

ఇంటికి పోవాలంటే ప్రెసిడెంటు ఇంటి ముందు నుంచే పోవాలి. ఎప్పటిలాగే నాయన తల దించుకుని నడుస్తున్నాడు. "ఏమప్పా, వచ్చినావా?" అని ప్రెసిడెంటు పిలిచాడు. అరుగు మీద నలుగురైదుగురున్నారు, బావమరిదితో సహా. నేను అమ్మ చెంగు పట్టుకున్నాను.

"పాట శానా బాగుండింది. నడమ మాత్రం మా రేడియో కొంచేపు ఆగిపోయింది. బ్యాటరీ పాడైనట్టుండాది. అప్పుడు నువ్వేం మాట్లాడినావో మాకు వినపళ్లేదు," అన్నాడు ప్రెసిడెంటు.

అది జాలితో అన్నాడో, మర్యాదకు అన్నాడో! ఔనయ్యా అని తల ఊపి వచ్చేస్తే సరిపోయేది. అమ్మ గూడా పదమన్నట్టు ఆయన మోచేతిని తాకింది.

నాయన ఆగాడు. తల ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు రెండు మూడుసార్లు కదిలి ఆగిపోయాయి.

"రే... రే... రేడియో బాగానే ఉం... ఉండాదయ్యా," అన్నాడు. "ఆ... ఆ... ఆగింది నేనే."

ఆ మాట పూర్తయ్యేదాకా అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు.